ఒకే ద్రాక్ష, మూడు ధరలు: మీకు సరిపోయే వైన్ మెట్టు కనుక్కోవడం ఎలా

మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డున్న కొట్లో తేలిగ్గా దొరకని సరుకు వైనే. బీరు కేసులు, విస్కీ క్వార్టర్లు దాటాక వెనక అరలో నాలుగైదు సీసాలు దుమ్ము పట్టి నిలబడి ఉంటాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లకు బాధ మరో రకం. ఎనిమిది డాలర్ల నుంచి రెండొందల దాకా గోడ నిండా సీసాలు, ఏది తీయాలో తోచదు. రెండు చోట్లా అడగాల్సింది ఒక్కటే: ఇంకో వెయ్యి రూపాయలో ఇరవై డాలర్లో ఎక్కువ పెడితే నా నాలుకకు అది తెలుస్తుందా?

దీనికి జవాబు ఇంకొకరి రేటింగుల్లో దొరకదు. ఆరేడుగురు కలిసి, సీసాలు కప్పిపెట్టి, ధరలు తెలియకుండా రుచి చూస్తే మూడు సాయంత్రాల్లో తేలిపోతుంది. ఎలా చేయాలో, ఎక్కడ చెడుతుందో ఇక్కడ వివరంగా ఉంది. ఇది 21 ఏళ్లు నిండినవాళ్లకే. తెలుగు రాష్ట్రాల్లోనూ అమెరికాలోనూ చట్టం చెప్పే వయసు అదే.

మెట్లు పేర్చడం

ధర ఒక్కటే మారాలి, తక్కినవన్నీ వీలైనంత వరకు ఒకేలా ఉండాలి. అదే ద్రాక్ష, అదే ప్రాంతం, కుదిరితే అదే కంపెనీ. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. పది డాలర్ల చిలీ మెర్లో పక్కన అరవై డాలర్ల కాలిఫోర్నియా నాపా కాబర్నే పెట్టి ఏది గొప్పదో తేల్చమంటారు. మెర్లో, కాబర్నే వేర్వేరు ద్రాక్షలు. దోసెకూ పూతరేకుకూ పోటీ పెట్టినట్టే అది. ఏది నచ్చినా ధర గురించి మీకు తెలిసేదేమీ ఉండదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు అన్నిటికంటే సులువైన నిచ్చెన అర్జెంటీనా మాల్బెక్. మెండోజాలోని కతేనా కుటుంబానివే మూడు మెట్లు: అలమోస్, కతేనా, కతేనా ఆల్టా. సుమారుగా 12, 22, 50 డాలర్లు. ద్రాక్ష ఒకటే, ప్రాంతం ఒకటే, మారేది తోటల ఎంపికా, పీపాల ఖర్చూ, ఓపికా.

రెండో నిచ్చెన స్పెయిన్‌లోని రియోహా. ఇది చదువుకోవడానికి ఇంకా బాగుంటుంది, ఎందుకంటే అక్కడ మెట్లను చట్టమే నిర్ణయించింది. ఎర్ర వైన్ ‘క్రియాన్సా’ అనిపించుకోవాలంటే కనీసం 2 ఏళ్లు నిలవ ఉండాలి, అందులో ఒక ఏడాది ఓక్ చెక్క పీపాలో. ‘రెసెర్వా’కు 3 ఏళ్లు, అందులో ఒక ఏడాది పీపాలో. ‘గ్రాన్ రెసెర్వా’కు 5 ఏళ్లు, అందులో రెండేళ్లు పీపాలో. కూనే లాంటి పాత కంపెనీవి మూడూ కొనుక్కుంటే, కాలం వైన్‌ను ఏం చేస్తుందో మూడు గ్లాసుల్లో కనిపిస్తుంది. క్రియాన్సాలో పండు ముందుంటుంది. గ్రాన్ రెసెర్వాలో పండు వెనక్కి తగ్గి తోలు, ఎండుటాకులు, పొగాకు బ్యారన్ తలుపు తీసినప్పుడు వచ్చే వాసనా వస్తాయి. తాజా పండు రుచి ఇష్టపడేవాళ్లు మూడింటిలో చవకదాన్నే ఎంచుకుంటారు, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

తెల్ల వైన్‌కైతే ఫ్రాన్స్‌లోని షాబ్లీ. పెతీ షాబ్లీ, షాబ్లీ, ప్రిమియే క్రూ, గ్రాఁ క్రూ అని నాలుగు అంతస్తులు, అన్నింటా షార్డనే ద్రాక్ష ఒక్కటే. నాలుగో అంతస్తు జేబుకు భారం. మొదటి మూడూ చాలు.

భారతదేశంలో ఉన్నవాళ్లకు నాసిక్‌లోని సులా కంపెనీ సీసాలతో ఒక నిచ్చెన కట్టొచ్చు: షిరాజ్ కాబర్నే, దిండోరీ రిజర్వ్ షిరాజ్, రాసా షిరాజ్. మొదటిది రెండు ద్రాక్షల కలయిక కాబట్టి నిచ్చెన పూర్తిగా తిన్నగా ఉండదు, అయినా పని జరుగుతుంది. లేదా ఒకే కంపెనీ నిచ్చెన మానేసి, మూడు ప్రాంతాల పై మెట్టు సీసాలు తీసుకోవచ్చు, అప్పుడు తేలేది ధర సంగతి కాదు, ప్రాంతాల తేడా. నంది హిల్స్‌లోని గ్రోవర్ జంపా వాళ్ల లా రిజర్వ్, షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లోని ఫ్రటెల్లి వాళ్ల సెట్టే, హంపి కొండల్లోని కృష్మా వాళ్ల కాబర్నే. కృష్మా తోట పెట్టింది హైదరాబాద్‌కు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు.

హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు అంతగా పండిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతో వైన్ ఎందుకు చేయరని అడిగేవాళ్లుంటారు. అది తినే ద్రాక్ష. గుత్తి పెద్దది, పండు పెద్దది, తొక్క పల్చన, పులుపు తక్కువ. వైన్ ద్రాక్ష పండు చిన్నదిగా, తొక్క మందంగా, నోట్లో వేసుకుంటే పళ్లు పట్టేసేంత వగరుగా ఉంటుంది. ఎర్ర వైన్‌కు కావలసిన రంగు, వగరు చాలావరకు ఆ తొక్కలోనే ఉన్నాయి.

ఎక్కువ డబ్బు దేనికి పోతుంది

ఒక్క పీపా లెక్క చూడండి. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతం తరహా ఓక్ పీపాలో పట్టేది 225 లీటర్లు, అంటే సరిగ్గా 300 సీసాలు. కొత్త ఫ్రెంచ్ ఓక్ పీపా వెయ్యి డాలర్లనుకుంటే సీసాకు మూడు డాలర్ల పైచిలుకు చెక్కకే పోయింది. పది డాలర్ల వైన్ ఆ ఖర్చు మోయలేదు. అందుకే చవక వైన్‌లో ‘ఓక్’ అని రాసి ఉంటే, అది చాలావరకు ట్యాంకులో నానబెట్టిన చెక్క ముక్కల రుచి. వెనిలా ఐస్‌క్రీమ్ వాసన పైపైన తేలుతూ, గుక్క దిగగానే మాయమవుతుంది. ఆ తర్వాత తీగకు తక్కువ గుత్తులు ఉంచడం, చేత్తో కోయించడం, అమ్మకుండా ఏళ్లు దాచడం. ఇవన్నీ నిజమైన ఖర్చులే. ఒక దశ దాటాక మాత్రం ధరలో పెరిగేది పేరూ అరుదుతనమూ. అవి సీసాలో ఉండవు.

ఇండియాలో ఈ లెక్క వంకర తిరుగుతుంది. దిగుమతి వైన్ మీద కస్టమ్స్ సుంకాలు అన్నీ కలిపి ఏళ్ల తరబడి 150 శాతం ఉన్నాయి. ఆపైన రాష్ట్రం పన్నులు. అందువల్ల బయట 8 డాలర్లకు దొరికే మామూలు ఆస్ట్రేలియా సీసా ఇక్కడ రెండు వేల దగ్గర కూర్చుని పెద్దమనిషి వేషం వేస్తుంది. 2022 డిసెంబరు 29 నుంచి అమల్లోకి వచ్చిన ఒప్పందంతో ఆస్ట్రేలియా వైన్‌ల మీద సుంకం మెట్లుమెట్లుగా తగ్గుతోంది, అదీ సీసా దిగుమతి విలువ 5 డాలర్లు దాటినవాటికే. కాబట్టి ఇండియాలో మీరిచ్చే రెండు వేలకు దేశీ వైన్‌లో పై మెట్టు వస్తుంది, విదేశీ వైన్‌లో కింది మెట్టు వస్తుంది. లేబుల్ మీద విదేశీ పేరుందని మొగ్గు చూపకండి.

ఇంకో మాట. తక్కువ ధరలో దొరికే తియ్యటి దేశీ ‘పోర్ట్ వైన్’కూ పోర్చుగల్ డౌరో లోయ నుంచి వచ్చే పోర్ట్‌కూ పేరు తప్ప చుట్టరికం లేదు. దాన్ని ఈ నిచ్చెనలో కలపొద్దు.

కొట్లో చూడాల్సినవి

మన ఎండల్లో వైన్‌కు మొదటి శత్రువు వేడి. కార్క్ సీసా మూతి కన్నా కాస్త పైకి పొడుచుకు వచ్చినా, మూతి చుట్టూ జిగురు మరక ఉన్నా ఆ సీసా ఎక్కడో ఉడికింది. చవక తెల్ల వైన్, రోజే (గులాబీ రంగు) వైన్ కోత సంవత్సరం చూసి రెండేళ్లకు మించి పాతబడితే వదిలేయండి. తెల్ల వైన్ రంగు లేత గడ్డిలా కాక తేనెలా మారిందంటే, ఆ ధరలో అది ముదురు కాదు, చెడు. ట్యూబ్‌లైట్ కింద నెలల తరబడి నిలబెట్టిన ముందు వరస సీసా కాక వెనక వరసది అడగండి. ఏసీ ఉన్న కొట్టు, సరుకు త్వరగా కదిలే కొట్టు దొరికితే పది రూపాయలు ఎక్కువైనా అక్కడే కొనడం మంచిది. కొన్నాక సీసాను కారులో వదిలి షాపింగుకు వెళ్లొద్దు. మే నెలలో మూసిన కారులో గంటసేపు చాలు, రెండు వేల వైన్ జామ్ వాసన కొట్టడానికి.

విదేశాల నుంచి వచ్చేవాళ్లు సుంకం లేకుండా ఒక్కొక్కరు 2 లీటర్ల వరకు తెచ్చుకోవచ్చు. రెండు మామూలు సీసాలూ ఒక 375 మిల్లీలీటర్ల అర సీసా అన్నమాట. పక్క రాష్ట్రం నుంచి తేవడానికి మాత్రం ఎక్సైజ్ పరిమితులు ఉన్నాయి, డిక్కీ నింపుకు రావద్దు.

సాయంత్రానికి ఏర్పాట్లు

ఆరుగురి నుంచి ఎనిమిదిమంది సరైన సంఖ్య. వైన్‌లు నాలుగు (నిచ్చెనలోని మూడు మెట్లూ, అదే ద్రాక్షతో చేసిన ఇంకొకటీ), గ్లాసు నంబర్లు ఐదు. ఈ తేడా ఎందుకో కింద చెబుతాం. పోసేది ఒక్కొక్కరికి 60 మిల్లీలీటర్లు. విస్కీకి వాడే పెగ్ కొలత ఇంట్లో ఉంటే అదే పనికొస్తుంది. ఎనిమిదిమందికి 480 పోగా సీసాలో 270 మిగులుతుంది, అది భోజనానికి. ఖర్చు అందరూ సమానంగా పంచుకోండి. ‘ఎవరి సీసా వాళ్లు తెచ్చుకోండి’ అన్నారంటే నిచ్చెన చెడుతుంది, పైగా తెచ్చినవాడు తన సీసాకు వకీలుగా మారతాడు.

ఐదు పోతలు కలిపితే 300 మిల్లీలీటర్లు. 13.5 శాతం వైన్‌లో అది సుమారు 32 గ్రాముల ఆల్కహాల్. మన దేశంలో బండి నడిపేవాళ్లకు పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. ఐదూ మింగినవాళ్లు అది దాటేస్తారు. అందుకే ఒక్కొక్కరి ముందు ఒక స్టీలు గ్లాసు పెట్టండి, రుచి చూసి అందులో ఉమ్మేయడానికి. గాజు గ్లాసయితే అందరూ మొహమాటపడతారు. స్టీలుదైతే లోపల ఏముందో కనబడదు. మింగేవాళ్లు మాత్రం క్యాబ్ మాట్లాడుకోవాలి.

గ్లాసులన్నీ ఒకే ఆకారంలో ఉండాలి. కొత్త గ్లాసుల్ని అట్టపెట్టెలోంచి తీసి నేరుగా వాడొద్దు, అట్ట వాసన అంటుకుని ఉంటుంది. సబ్బు వాసన పోయేదాకా వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ముక్కు పెట్టి చూసుకోండి. ఆ సాయంత్రం ఇంట్లో అగరొత్తి, సాంబ్రాణి, సెంటు, మల్లెపూలు వద్దు. వంటింట్లో తాలింపు కూడా గంట ముందే అయిపోవాలి. ఇంగువ గాల్లో ఉండగా ఏ షాబ్లీ అయినా ఇంగువ షాబ్లీయే.

నంజుకోవడానికి ఉప్పులేని బ్రెడ్డో, ఏమీ కలపని మరమరాలో చాలు. చెకోడీలు, కారప్పూస రుచి చూడ్డం అయ్యాకే. ఒక్క కారం ముక్క నోట్లో పడితే పది నిమిషాల దాకా నాలుక సాక్ష్యం చెల్లదు.

చల్లదనం గురించి కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువ పోలికలు ఇక్కడే చెడతాయి. ‘ఎర్ర వైన్ గది ఉష్ణోగ్రతలో తాగాలి’ అనే మాట ఐరోపా చలి ఇళ్ల నుంచి వచ్చింది. అక్కడ గది అంటే 16 నుంచి 18 డిగ్రీలు. మన గది 30. ఆ వేడిలో ఎర్ర వైన్ పోస్తే ఆల్కహాల్ ఘాటు ముందు పరిగెత్తుకొచ్చి, పండు కూర పాకంలా తోస్తుంది. ఎర్ర సీసాలను తాగే ముందు ముప్పావు గంట ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లవి ముందే ఫ్రిజ్‌లో ఉంటాయి కాబట్టి, బయటికి తీసి ఓ పావుగంట ఆగండి. ఫ్రిజ్ 4 డిగ్రీల్లో ఉంటుంది, తెల్ల వైన్‌కు కావలసింది 8 నుంచి 12. మరీ చల్లగా ఉంటే వాసన ముడుచుకుపోతుంది, ఎర్రదానిలో వగరు కరుకుదేలుతుంది. మీ నిచ్చెనలో ఏ సీసా ఎంత చల్లగా ఉండాలన్నదానికన్నా, అన్నీ సమానంగా ఉండడం ముఖ్యం. ఒకటి ఫ్రిజ్ తలుపులోంచి, ఒకటి బల్ల మీది నుంచి వస్తే మీరు కొలిచింది ధర కాదు, ఉష్ణోగ్రత.

కప్పిపెట్టడం, అందులో చిన్న మోసం

లేబుల్ చూశాక నాలుక నిజం చెప్పదు. 2008లో వెలువడిన ఒక కాలిఫోర్నియా ప్రయోగంలో ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లని, ఇంకోసారి 90 డాలర్లని చెప్పి ఇచ్చారు. 90 అని విన్నప్పుడే ఎక్కువ నచ్చింది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వైన్ వ్యాపారి పెట్టిన పరీక్షలో ఫ్రెంచ్ నిపుణులే పేర్లు చూడకుండా కాలిఫోర్నియా స్టాగ్స్ లీప్ 1973 కాబర్నేను బోర్డో దిగ్గజాల కన్నా పైన నిలబెట్టారు. తెల్ల వైన్‌లలోనూ కాలిఫోర్నియాకే చెందిన షాతో మాంటెలీనా 1973 షార్డనేదే మొదటి స్థానం.

సీసాకు న్యూస్‌పేపర్ చుట్టి రబ్బరు బ్యాండ్ వేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. ఖరీదైన సీసా బరువుగా, అడుగున లోతైన గుంటతో ఉంటుంది, పోసేవాడి చేతికి తెలిసిపోతుంది. మూతి మీది రేకు, స్క్రూ మూత కూడా ఆనవాళ్లే. తేలిక దారి ఏమిటంటే, ఒకరు వంటింట్లో సీసాల్లోని వైన్‌ను ఒకేలాంటి కడిగిన నీళ్ల సీసాల్లోకి వంచి వాటికి క, ఖ, గ, ఘ అని రాస్తారు. ఇంకొకరు అది చూడకుండా వచ్చి వాటికి 1 నుంచి 5 దాకా నంబర్లు వేసి గ్లాసుల్లో పోస్తారు. అప్పుడు ఏ గ్లాసులో ఏముందో గదిలో ఏ ఒక్కరికీ పూర్తిగా తెలియదు.

నాలుగు వైన్‌లకు ఐదు నంబర్లేమిటంటే, ఒక వైన్‌ను రెండు నంబర్ల కింద పోస్తారు. దాన్ని ముందుగా చెప్పకూడదు. ఎనిమిదిమందికి రెండేసి 60లంటే 960 మిల్లీలీటర్లు, కాబట్టి ఆ వైన్ రెండు సీసాలు కొనాలి, చవకైనదాన్నే జంటకు ఎంచుకోండి. దీని లాభం ఏమిటంటే, ఒకే వైన్‌ను మీరు రెండో స్థానంలోనూ నాలుగో స్థానంలోనూ పెట్టారనుకోండి, మీ నాలుక ఆ రోజు రెండు స్థానాల మేరకు తడబడుతోందని తేలింది. ఇక మిగతా వైన్‌ల మధ్య అంతకన్నా చిన్న తేడాలను పట్టించుకోనక్కర్లేదు. ఈ ఒక్క ఏర్పాటు లేకపోతే ఆ సాయంత్రం ఫలితాలన్నీ జాతకాలతో సమానం.

నాలుక మీద ఏం చూడాలి

మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఎవరి కాగితం వాళ్లది. గదిలో నాపా వెళ్లొచ్చిన బావగారు ఒకరుంటారు, ఆయన ‘చెర్రీ వస్తోంది’ అన్నారంటే ఆ తర్వాత అందరికీ చెర్రీయే వస్తుంది.

తెలుగు నాలుకకు ఇక్కడో సౌకర్యం ఉంది. ఇంగ్లీషువాడికి టానిన్ అంటే ఏమిటో పాఠం చెప్పాలి. మనకు వగరు పుట్టుకతో తెలుసు, ఉగాది పచ్చడిలో ఏటా తింటాం. నేరేడుపళ్లు తిన్నాకో కరక్కాయ చప్పరించాకో చిగుళ్లు, బుగ్గల లోపలి చర్మం బిగుసుకుపోతాయే, అదే. పులుపును కొలవాలంటే గుక్క వేశాక తల కాస్త వంచి ఆగండి, ఎంత నీళ్లూరితే అంత పులుపు. తీపి దగ్గర మోసపోవడం సులువు. పండు వాసన ఘుమఘుమలాడితే తీపి లేకపోయినా ఉన్నట్టు తోస్తుంది. ముక్కు మూసుకుని ఒక గుక్క వేయండి, నిజమైన తీపైతే నాలుకకు అప్పుడూ తెలుస్తుంది. ఘాటు గొంతులో వేడిగా దిగుతుంది. ఇక చిక్కదనం: పల్చటి మజ్జిగలా జారిందా, కాచిన పాలలా పట్టిందా?

చివరిది నిడివి. మింగాకో ఉమ్మాకో మనసులో అంకెలు లెక్కపెట్టండి, రుచి ఎన్ని అంకెల దాకా నిలిచింది? చవక వైన్‌లు నాలుగైదుకు ఆరిపోతాయి. మంచివి పదిహేను దాటుతాయి. ధరతోపాటు నిజంగా పెరిగే గుణం ఏదైనా ఉందంటే చాలాసార్లు ఇదే. వాసన పేర్లు రాయడం రాకపోయినా ఈ అంకె ఒక్కటి రాసుకోండి.

వాసనలకు విదేశీ పళ్ల పేర్లు వెతుక్కోవద్దు. గూస్‌బెర్రీ తినని మనిషి గూస్‌బెర్రీ అని రాస్తే ఎవరికి ఉపయోగం? సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో పచ్చి జామకాయ, నిమ్మ తొక్క, పచ్చిమిర్చి తొడిమ దొరుకుతాయి. ఎర్ర వైన్‌లలో నేరేడు, ఎండు ఖర్జూరం, లవంగం. షిరాజ్‌లో మిరియాలు. ఆ మిరియాల వాసనకు కారణం రోటుండోన్ అనే పదార్థం, నల్ల మిరియాల్లో ఉండేదీ అదే. మనుషుల్లో సుమారు అయిదుగురిలో ఒకరికి ఆ వాసన దాదాపు తెలియదు. కాబట్టి ‘ఎక్కడయ్యా మిరియాలు’ అని ఒకరు వాదిస్తే గొడవ పడకండి, ఇద్దరిదీ నిజమే.

సీసాయే చెడిపోతే

ఖరీదైన సీసా అందరికీ నచ్చలేదంటే, ధర బండారం బయటపడిందని చప్పట్లు కొట్టే ముందు అది చెడిపోయిందేమో చూడండి. వానకు తడిసిన పాత పేపర్ల కట్ట వాసన వస్తే కార్క్‌లోంచి టీసీఏ అనే పదార్థం చేరింది. గాలి తగిలినకొద్దీ అది తగ్గదు, ఇంకా తెలుస్తుంది. అలాంటి సీసాను అమెరికాలో చాలా కొట్లు బిల్లు చూపిస్తే మార్చి ఇస్తాయి, మిగిలిన వైన్‌తో సహా తీసుకెళ్లండి. వెనిగర్, గోళ్ల రంగు తుడిచే మందు వాసన వస్తే బాక్టీరియా పని. కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసనతో రంగు గోధుమకు తిరిగితే గాలి చొరబడింది. ఉడికిన జామ్ వాసనైతే ఎండదెబ్బ. ఇవేవీ బాగుపడవు.

కాల్చిన అగ్గిపుల్ల, కుళ్లిన గుడ్డు వాసన మాత్రం భయపడాల్సింది కాదు. మూత బిగుతుగా ఉన్న సీసాల్లో వస్తుంది, ఒక జగ్గులోంచి ఇంకో జగ్గులోకి టీ తిరగబోసినట్టు నాలుగుసార్లు పోస్తే చాలావరకు పోతుంది. అడుగున పటికబెల్లం పలుకుల్లా మెరిసేవి టార్టరిక్ ఆమ్లపు లవణాలు, గాజు ముక్కలు కావు. వడగట్టి తాగేయడమే.

ముసుగు తీశాక

ఫలితం చదివే ముందు ప్రతి ఒక్కరూ ఐదు గ్లాసులను నచ్చిన వరసలో రాయాలి. నూటికి తొంభైరెండా తొంభైమూడా అనే మార్కులు వద్దు, వరస చాలు. దాని పక్కన ‘దీనికి నేనైతే ఇంత ఇస్తాను’ అని ఒక ధర రాయాలి. తర్వాత ముసుగు తీయండి. మీరు రాసిన ధర, నిజం ధర పక్కపక్కన పెట్టండి. 22 డాలర్ల వైన్‌కు మీరు 35 రాసి, 50 డాలర్లదానికి 30 రాశారంటే, మాల్బెక్‌లో మీ మెట్టు రెండోది. మూడో మెట్టు డబ్బు మీకు వృథా. పక్కన కూర్చున్న వదినగారికి మూడోది అయి ఉండొచ్చు, ఆవిడ లెక్క ఆవిడది.

ఒక్క సాయంత్రంతో తీర్మానం చేయొద్దు. వారం పది రోజుల తేడాతో ఇంకో రెండు ద్రాక్షలతో చేయండి. చాలామందికి మెట్టు ద్రాక్షను బట్టి మారుతుంది. మాల్బెక్, గార్నాచా అనే ఎర్ర ద్రాక్షలు చవకలోనూ బాగుంటాయి. పినో నువార్ అనే ఎర్ర ద్రాక్ష అలా కాదు, తక్కువ ధరలో అది చక్కెర నీళ్లలా ఉంటుంది, దాన్ని కొనాలనుకుంటే పై మెట్టులోనే కొనాలి, లేదా మానేయాలి. షాంపేన్ ఖరీదనిపిస్తే స్పెయిన్ కావా, ఫ్రాన్స్‌లోనే మిగతా ప్రాంతాల క్రెమాన్ చూడండి. సీసాలోనే రెండోసారి పులియబెట్టే పద్ధతి వాటిదీ అదే, ధర సగానికి లోపు.

రెండు వైన్‌ల మధ్య అసలు తేడా ఉందా అన్న అనుమానం వస్తే మూడు గ్లాసుల పరీక్ష పెట్టండి. రెండింట్లో ఒకటే, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా ముగ్గురిలో ఒకరిది నిజమవుతుంది. ఎనిమిదిమందిలో ఆరుగురు పట్టుకుంటే మాత్రం తేడా ఉన్నట్టే.

మన భోజనంతో

రుచి చూడ్డం అయ్యాక మిగిలిన సీసాలు భోజనంలోకి వస్తాయి, వరసలు మళ్లీ తారుమారవుతాయి. కారంతో వగరు కలిస్తే మంట రెట్టింపు. ఆల్కహాల్ ఎక్కువున్న ముదురు కాబర్నే, గుంటూరు కారం కోడి వేపుడు ఒకే పళ్లెం దగ్గరికి రాకూడదు. కాస్త తీపి మిగిలిన షెనిన్ బ్లాంక్ లేదా జర్మన్ రీస్లింగ్ కాబినెట్ లాంటి తెల్ల వైన్‌లు ఆ మంటను చల్లారుస్తాయి. గోంగూర మాంసం, చేపల పులుసు లాంటి పులుపు కూరల పక్కన పులుపు తక్కువున్న వైన్ చప్పబడిపోతుంది, అక్కడ సావిన్యాన్ బ్లాంక్ నిలబడుతుంది. దమ్ బిర్యానీకి వగరు తగ్గిన గార్నాచా, లేదా చల్లబరిచిన రోజే. మిర్చి బజ్జీకి బుడగల వైన్‌ను మించింది లేదు. ఆవకాయకు మాత్రం ఏదీ వద్దు, దాని ముందు ఏ సీసా నోరెత్తదు.

నలుగురికీ చెప్పేటప్పుడు

‘నిన్నటి వైన్ అదిరింది, పేరు గుర్తులేదు’ అనే సందేశం ఎవరికీ పనికిరాదు. సీసా ముందు లేబుల్, వెనక లేబుల్ రెండూ ఫోటో తీయండి. పక్కన ఐదు ముక్కలు రాయండి: కోత సంవత్సరం, కొన్న ఊరూ ధరా, పులుపు-వగరు-తీపి ఎంతెంత, నిడివి అంకె, దేనితో తిన్నారు. ఉదాహరణకు: ‘రియోహా క్రియాన్సా, 15 డాలర్లు, పులుపు మధ్యస్థం, వగరు తక్కువ, తీపి లేదు, నిడివి 9, మేక మాంసం కూరతో బాగుంది, వేపుడుతో బాలేదు.’ ఇది చదివినవాడికి కొనాలో వద్దో తెలిసిపోతుంది. ఊరు రాయడం మరవొద్దు, ఒక రాష్ట్రంలో తొమ్మిది వందలున్నది పక్క రాష్ట్రంలో పన్నెండు వందలుంటుంది.

అమెరికాలో ఉన్నవాళ్లు వెనక లేబుల్ మీద దిగుమతిదారు పేరు కూడా రాసుకోవాలి. కెర్మిట్ లించ్, ఎరిక్ సాలమన్, హోర్హే ఓర్డోన్యెజ్ లాంటివాళ్లు తమకంటూ ఒక రుచి ఉన్న మనుషులు, ఆ రుచికి తగ్గవే తెస్తారు. ఒకరు తెచ్చిన రెండు సీసాలు మీకు నచ్చాయంటే మూడోది ముక్కూ మొహం తెలియనిదైనా ధైర్యంగా కొనొచ్చు. కొత్త ఊరు, కొత్త ద్రాక్ష కనుక్కోవడానికి ఇంతకన్నా చవక దారి లేదు. కొట్టువాడితో మాట్లాడేటప్పుడు కూడా ‘మంచి వైన్ ఇవ్వండి’ అనొద్దు. ‘ఈ క్రియాన్సా నచ్చింది, ఇదే ధరలో ఇంకాస్త వగరున్నది కావాలి’ అనండి.

మిగిలిపోయిన వైన్‌ను అదే సగం సీసాలో మూత పెట్టి వదిలేస్తే లోపలి గాలే దాన్ని పాడుచేస్తుంది. కడిగి ఆరబెట్టిన 375 మిల్లీలీటర్ల సీసా ఒకటి దగ్గరుంచుకోండి. దాన్ని గొంతు దాకా నింపి, బిగించి, ఎర్రదైనా సరే ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లది మూడు రోజులు, ఎర్రది నాలుగైదు రోజులు నిలుస్తుంది. బుడగల వైన్‌కు కొక్కెం మూత ఉంటే రేపటి దాకా. రెండో రోజు అదే వైన్‌ను మళ్లీ ఒక గుక్క రుచి చూసి కాగితం మీద పక్కన రాసుకోండి. నిన్న చివరి వరసలో ఉన్న గ్రాన్ రెసెర్వా ఇవాళ విచ్చుకుని మొదటికి రావడం మామూలే, అలాంటిదాన్ని ఈసారి రెండు గంటల ముందే మూత తీసి జగ్గులో పోసి పెట్టాలి.